సేలం, 1692: రెబెకా నర్స్ మీద నాటిక. కోర్టు సీను సరిచూడగలరా?

తెరచాటు:

పరిషత్తు పోటీకి 50 నిమిషాల నాటిక రాస్తున్నాను. అంశం అమెరికాలో ఇంగ్లండు పాలనలో ఉన్న మాసచూసెట్స్ వలసలో 1692లో జరిగిన సేలం మంత్రగత్తెల విచారణలు. ప్రధాన పాత్ర రెబెకా నర్స్. 71 ఏళ్ల పెద్దావిడ, ఎనిమిది మంది పిల్లల తల్లి.

ఇప్పటికి వేసుకున్న సీన్లు ఇవీ. మొదటి సీనులో పాస్టరు గారింటి బానిస టిట్యూబా అర్ధరాత్రి ఆడపిల్లలకు మంత్రాలు నేర్పుతుంది. రెండో సీనులో రెబెకాను పట్టుకొచ్చి ఆ రోజే జడ్జి ముందు నిలబెడతారు, ఒక కుర్ర వకీలు ఆవిడ తరఫున వాదిస్తాడు. మూడో సీనులో జ్యూరీ దోషి అంటుంది. చివర చితి, ఎర్ర లైటు, తెర.

సందేహాలు చాలా ఉన్నాయి. నేరం ఒప్పుకున్నవాళ్లు బతికారు, ఒప్పుకోనివాళ్లే చచ్చిపోయారు అని చదివాను. నిజమేనా, ఎవరైనా తిరగేసి రాశారా? మార్చిలో పట్టుకుంటే జూన్ దాకా విచారణ ఎందుకు లేదు? కొన్ని కాగితాల మీద 1691 అని ఎందుకుంది? గైల్స్ కోరీని బరువుల కింద నలిపి చంపిన ఘట్టం కూడా ఇరికించొచ్చా? రంగస్థలం కోసం కావాలని మార్చుకునేవి ఎలాగూ ఉంటాయి. తెలియక మార్చినవి ఉండకూడదని అడుగుతున్నాను.

పాతకాగితం:

ముందు ఆ చితి ఆర్పేయండి. సేలంలో ఎవర్నీ కాల్చలేదు. ఇంగ్లండు చట్టంలో చేతబడికి శిక్ష ఉరి. కాల్చడం స్కాట్లండులోను, యూరప్‌లో చాలా చోట్లా ఉండేది, అక్కణ్ణుంచే సినిమాల్లోకి వచ్చింది. సేలంలో ఉరితీసింది 19 మందిని. అందులో 14 మంది ఆడవాళ్లు, అయిదుగురు మగవాళ్లు. ఇరవయ్యోవాడు గైల్స్ కోరీ. జైల్లో పోయినవాళ్లు కనీసం మరో అయిదుగురు, అందులో నిందితురాలు సారా గుడ్ చంటిబిడ్డ ఒకటి.

మొదటి సీను కూడా మార్చాలి. టిట్యూబా పిల్లలకు మంత్రాలు నేర్పిందని అప్పటి కాగితం ఒక్కటి కూడా చెప్పదు, అది తరవాతివాళ్లు అల్లింది. కాగితాల్లో ఆమెను రాసింది 'ఇండియన్' అనే, ఆఫ్రికా మనిషిగా చూపించడం కూడా తరవాతి పనే. నిజంగా జరిగింది ఇంతకన్నా రక్తి కడుతుంది. జనవరిలో పాస్టరు శామ్యూల్ పారిస్ కూతురు బెట్టీకి (9 ఏళ్లు), ఆ ఇంట్లోనే ఉండే అబిగైల్ విలియమ్స్‌కి (11, 12 ఉంటాయి) మూర్ఛల్లాంటివి మొదలయ్యాయి. ఫిబ్రవరి ఆఖర్లో పొరుగావిడ మేరీ సిబ్లీ ఒక చిట్కా చెప్పింది: రై పిండిలో ఆ పిల్లల మూత్రం కలిపి, రొట్టె చేసి బూడిదలో కాల్చి, కుక్కకి పెట్టాలి. ఎవరు చేతబడి చేశారో దాంతో బయటపడుతుందని నమ్మకం. రొట్టె చేసిపెట్టింది టిట్యూబా, ఆమె భర్త జాన్. చెప్పిన సిబ్లీకి చర్చిలో అందరి ముందు చీవాట్లు పడ్డాయి, అంతటితో సరి. చేసిన టిట్యూబా మీద ఫిబ్రవరి 29న వారెంటు పుట్టింది. మీ మొదటి సీను ఇదే అవ్వాలంటాను.

ఇక రెండో సీను. మీరు దాన్ని ఒక్కరోజులో చుట్టేశారు గానీ అసలు వరుస ఇది. మగవాళ్లెవరో మెజిస్ట్రేటుకి ఫిర్యాదు ఇస్తారు. వారెంటు పుడుతుంది, కానిస్టేబుల్ పట్టుకొస్తాడు. మెజిస్ట్రేట్లు ప్రాథమిక విచారణ చేసి జైలుకి పంపుతారు. ఆ తరవాత గ్రాండ్ జ్యూరీ అభియోగపత్రం చూసి, కేసు నిలుస్తుందనుకుంటే వెనక 'బిల్లా వెరా' అని, నిలవదనుకుంటే 'ఇగ్నోరామస్' అని రాస్తుంది. నిలిస్తేనే పన్నెండు మంది జ్యూరీ ముందు అసలు విచారణ. రెబెకా మీద ఫిర్యాదు ఇచ్చింది ఎడ్వర్డ్ పట్నం, జొనాథన్ పట్నం. మార్చి 23న వారెంటు, 24న ప్రాథమిక విచారణ, జూన్ ఆఖర్లో అసలు విచారణ, జులై 19న ఉరి. మధ్యలో మూడు నెలలు జైలే.

ఆలస్యం ఎందుకంటే, అప్పటికి ఆ వలసకి మరణశిక్ష వేయగల కోర్టే లేదు. పాత చార్టర్, అంటే వలస పాలనకి రాజు ఇచ్చిన అధికారపత్రం, 1684లో రద్దయింది. కొత్త చార్టర్‌తో గవర్నర్ విలియం ఫిప్స్ దిగింది మే 14న. వచ్చేసరికి జైళ్లు నిండి ఉన్నాయి. మే 27న ప్రత్యేక కోర్టు వేశాడు, పేరు ఓయర్ అండ్ టెర్మినర్. జడ్జీలు తొమ్మిది మంది, పెద్ద విలియం స్టౌటన్. అయిదుగురు కూర్చుంటే కోర్టు నడుస్తుందని ఉత్తర్వులోనే ఉంది. నటులు తక్కువైతే ఇది మీకు కలిసొస్తుంది.

రెండు విచారణలకూ సెట్టు ఒకటే వాడకండి. మార్చిలోది సేలం విలేజ్ ప్రార్థనా మందిరంలో జరిగింది. ఆ ఊరు ఇప్పటి డాన్వర్స్. జూన్‌లోది సేలం టౌన్ కోర్టులో. మొదటిదాంట్లో ప్రశ్నలు వేసేది మెజిస్ట్రేటు జాన్ హాథార్న్. అతని పద్ధతి ఒకటే, నేరం జరిగిపోయిందన్నట్టే మొదలుపెట్టి 'ఎందుకు పీడిస్తున్నావు' అని అడగడం. పిల్లలు ఎదురుగానే ఉంటారు. రెబెకా మెడ వాలిస్తే వాళ్ల మెడలు వాలతాయి.

ఇప్పుడు అసలు మెలిక చెబుతాను, వీలైతే నాటిక దీని చుట్టూ తిప్పండి. రెబెకా మీద నాలుగు అభియోగపత్రాలు దొరుకుతున్నాయి: ఆన్ పట్నం, మేరీ వాల్కాట్, ఎలిజబెత్ హబ్బర్డ్, అబిగైల్, ఒక్కొక్కరిని పీడించిందని ఒక్కొక్కటి. నాలుగింట్లోనూ నేరం జరిగిన తేదీ మార్చి 24. అంటే ఆవిణ్ణి నిలబెట్టి ప్రశ్నించిన రోజే. అంతకుముందు ఇంట్లో, పొలంలో జరిగిందన్నదానికి సాక్షులు దొరకరు. మందిరంలో పిల్లలు పడి గిలగిల్లాడటం ఊరంతా చూసింది. నేరాన్ని విచారించడానికి పిలిచారు, ఆ విచారణలో జరిగినదాన్నే నేరంగా రాశారు. మిగతా నిందితుల అభియోగపత్రాల్లో కూడా ఎక్కువగా ఇదే కిటుకు.

జూన్ విచారణ సంభాషణలు మాత్రం మీరే రాసుకోవాలి. ఆ కోర్టు రికార్డు పుస్తకం దొరకలేదు. వాంగ్మూలాలు, వారెంట్లు, అభియోగపత్రాలు మిగిలాయి. వాంగ్మూలం అడుగున 'జురాత్ ఇన్ క్యూరియా' అని ఉంటే అది కోర్టులో ప్రమాణం చేసి చెప్పినదని అర్థం. ఆ మాట లేని కాగితంలోని విషయాన్ని కోర్టు సీనులో ఎవరి నోటా పెట్టకపోవడం మంచిది.

వకీల్‌సాబ్:

ఆ కుర్ర వకీలుని నిర్దాక్షిణ్యంగా తీసేయండి. అప్పటి ఇంగ్లిష్ చట్టంలో ప్రాణం పోయే నేరాల్లో ముద్దాయికి వకీలు ఉండడు. ప్రభుత్వం తరఫున అటార్నీ ఉంటాడు, ముద్దాయి తన గోడు తనే చెప్పుకోవాలి. అది కూడా ప్రమాణం లేకుండా. తన తరఫున సాక్షుల్ని తెచ్చుకోవచ్చు. రెబెకా కోసం 39 మంది ఇరుగుపొరుగు సంతకాలు పెట్టిన కాగితం ఉంది. ఆ సంతకాల్లో జొనాథన్ పట్నం పేరుంది చూడండి, మార్చిలో ఫిర్యాదు ఇచ్చిన మనిషే. వకీలు పోయిన చోట ఇతన్ని పెట్టుకోండి, పాత్ర దానంతటదే నిలబడుతుంది.

ఒప్పుకున్నవాళ్ల సంగతి మీరు చదివింది నిజమే, కానీ కారణం చాలామంది తప్పు చెబుతారు. ఒప్పుకుంటే క్షమించాలని చట్టంలో లేదు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఉరే. కోర్టుకి వాళ్లు సాక్షులుగా కావాలి, 'నాతో పాటు సైతాను సభకి ఫలానావాళ్లూ వచ్చారు' అని చెప్పడానికి. అందుకని వాళ్ల వంతు వెనక్కి జరుపుతూ పోయారు. సెప్టెంబరులో ఒప్పుకున్నవాళ్లలో కొందరికి కూడా మరణశిక్ష వేశారు. అమలు చేసేలోపు అక్టోబరు 29న గవర్నర్ ఆ కోర్టునే ఎత్తేశాడు. అలా బతికారు. శామ్యూల్ వార్డ్‌వెల్ ముందు ఒప్పుకుని, తరవాత అబద్ధం చెప్పానని వెనక్కి తీసుకున్నాడు. సెప్టెంబరు 22న ఉరితీశారు. టిట్యూబా మార్చి 1నే ఒప్పుకుంది, ఏడాది పైగా జైల్లో ఉంది, 1693 మేలో గ్రాండ్ జ్యూరీ ఆమె కేసు కొట్టేసింది.

సాక్ష్యాల్లో ప్రధానమైంది రూపసాక్ష్యం. అంటే నిందితురాలు ఇంట్లో ఉన్నా ఆవిడ రూపం వచ్చి గిల్లింది, కొరికింది, గొంతు నులిమింది అని పీడితులు చెప్పడం. ఆ రూపం వాళ్లకి తప్ప ఇంకెవరికీ కనబడదు. 'ఆ టైములో నేను ఫలానా చోట ఉన్నాను' అనే సమాధానం దీని ముందు పనికిరాదు, వాదన ఆగిపోయేది అక్కడే. సైతాను అమాయకుల రూపం కూడా తొడుక్కోగలడు కదా అని పాస్టర్లలోనే అనుమానం ఉంది. జూన్ 15న వాళ్లు కోర్టుకి జాగ్రత్తలు రాసి, ఆ కాగితం చివర్లోనే గట్టిగా విచారించండని కూడా రాశారు. కోర్టు చివరి ముక్క పట్టుకుంది. 1693 జనవరిలో కొత్త కోర్టు ఈ సాక్ష్యాన్ని పక్కన పెట్టింది. దోషులుగా తేలింది ముగ్గురే, వాళ్ల ఉరి కూడా గవర్నర్ ఆపాడు.

కోరీ ఘట్టం ఇరికించకండి. అది సెప్టెంబరు 19, రెబెకా పోయి రెండు నెలలు. పెట్టి తీరాలంటే మూడు సంగతులు చూసుకోండి. అది శిక్ష కాదు. కోర్టు విచారణకి ఒప్పుకోని ముద్దాయిని ఒప్పించడానికి వాడే ఒత్తిడి. అభియోగం చదివాక 'నీ విచారణ ఎలా జరగాలి' అని అడుగుతారు, 'దేవుడి ద్వారా, దేశం ద్వారా' అని ముద్దాయి అనాలి. దేశమంటే జ్యూరీ. ఆ మాట అంటేనే విచారణ ముందుకు కదులుతుంది, కోరీ అనలేదు. ఆస్తి కాపాడుకోవడానికే నోరు మూసుకున్నాడనే మాట కూడా పూర్తిగా నిలవదు. భూమి జప్తు కాకూడదని వలస చట్టంలో 1641 నుంచే ఉంది, పైగా అతను జులైలోనే అల్లుళ్లిద్దరి పేర రాసిచ్చేశాడు. అయినా షెరీఫ్ బెదిరిస్తే ఆ కుటుంబం 11 పౌండ్ల 6 షిల్లింగులు కట్టింది. ఇక 'ఇంకా బరువు వెయ్యండి' అన్నాడనే డైలాగు తరవాత చేరిన కథ. జడ్జి శామ్యూల్ సీవాల్ డైరీలో రెండు రోజులపాటు నచ్చజెప్పి చూశారని, మధ్యాహ్నం పోయాడని ఉంది, అంతే. చప్పట్లు పడే డైలాగే, కాదనను.

తెరచాటు:

అభియోగం తేదీ సంగతి చదివి కాసేపు కదల్లేకపోయాను. మొత్తం తిరగరాస్తున్నాను. మూడో సీనుకి ఇంకా వివరాలు కావాలి. జ్యూరీ మొదట నిర్దోషి అందని విన్నాను. మాట ఎందుకు మారింది? జైలు ఖర్చులు ఖైదీలే పెట్టుకోవాలనీ విన్నాను, దానికి లెక్కలు దొరుకుతాయా?

లెక్కల పద్దు:

లెక్కలు దొరుకుతాయి, జైలర్లు బిల్లులు పెట్టారు కదా. తిండికి మనిషికి వారానికి 2 షిల్లింగుల 6 పెన్నీలు. 12 పెన్నీలకి ఒక షిల్లింగు, 20 షిల్లింగులకి ఒక పౌండు. బోస్టన్ జైలర్ బిల్లులో సారా ఓస్బర్న్ అనే నిందితురాలికి 9 వారాల 2 రోజులు, 1 పౌండు 3 షిల్లింగులు అని ఉంటుంది. గుణించి చూస్తే సరిపోతుంది. ఆ 9 వారాల 2 రోజులు ఎందుకు ఆగాయంటే మే 10న ఆమె జైల్లోనే చనిపోయింది. అదే బిల్లులో ఆమెకీ సారా గుడ్‌కీ వేసిన గొలుసులకు 14 షిల్లింగులు. గొలుసులు పారిపోతారని వేసినవి కావు. ఒంటికి ఇనుము ఉంటే రూపం బయటికి వెళ్లి తిరగలేదని నమ్మకం. సారా గుడ్ కూతురు డొరొతీకి నాలుగైదేళ్లు, ఆ పిల్లనీ గొలుసులతోనే ఉంచారు. డిసెంబరు 10న 50 పౌండ్ల జామీను మీద వదిలారు. కొన్ని పుస్తకాల్లో ఆ పిల్ల పేరు డోర్కస్ అని ఉంటుంది, వారెంటులో తప్పు పడి అలాగే పాకింది. మీ నాటికలో డొరొతీ అనే రాయండి.

నిర్దోషి అని తేలినా జైలు బాకీ తీరిస్తేనే విడుదల. టిట్యూబాకి పారిస్ కట్టలేదు, వేరే ఎవరో కట్టి తీసుకుపోయారు.

సామాన్ల జప్తుకి ఒక్క ఉదాహరణ చాలు. జాన్ ప్రోక్టర్ అనే నిందితుడి ఇంట్లో షెరీఫ్ పశువుల్ని తోలుకుపోయి, పీపాలో బీరు పారబోసి పీపా పట్టుకుపోయాడు, కుండలో ఉడికిన పులుసు ఒలకబోసి కుండ పట్టుకుపోయాడు. ఇంట్లో పిల్లలున్నారు. విచారణ ఇంకా మొదలే కాలేదు. అన్నట్టు ప్రోక్టర్‌కీ అబిగైల్‌కీ ప్రేమ వ్యవహారం అంటగట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఆయనకి 60, ఆ పిల్లకి 12 కూడా నిండాయో లేదో.

1711లో ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది, మొత్తం 578 పౌండ్ల 12 షిల్లింగులు. ప్రోక్టర్ దంపతుల తరఫున 150, రెబెకా తరఫున 25, ఉరిపడ్డ మరొకావిడ మార్తా కారియర్ తరఫున 7 పౌండ్ల 6 షిల్లింగులు. ప్రాణానికి వెల కట్టారనుకోకండి, పోయిన సొత్తూ, పెట్టిన ఖర్చూ చూపించి ఎవరు ఎంత గట్టిగా అడిగారన్నదే ఎక్కువ పనిచేసింది.

1691 సంగతి మనకి తేలిగ్గా అర్థమవుతుంది. వాళ్లకి కొత్త సంవత్సరం మార్చి 25న. ఉగాది రాకముందు మార్చిలో మనకి పాత సంవత్సరం పేరే నడిచినట్టు, మార్చి 24 వరకు వాళ్ల కాగితాల మీద 1691, లేదా 1691/2. రెబెకా ప్రాథమిక విచారణ సరిగ్గా పాత ఏడాది ఆఖరి రోజున పడింది. తేదీలు పాత క్యాలెండరువి, ఇప్పటి లెక్కకి పది రోజులు కలపాలి. నాటికలో కలపకండి, గందరగోళం.

పాతకాగితం:

జ్యూరీ మాట మారిన ఘట్టం. ముందు జూన్ 2 చూడండి. రెబెకాతో సహా ఆరుగురు ఖైదీల ఒంటిని తొమ్మిది మంది ఆడవాళ్లూ ఒక వైద్యుడూ వెతికారు. సైతాను పిశాచాలకి పాలిచ్చే చన్నులాంటి కండ ఒంటి మీద ఉంటుందని నమ్మకం. ఉదయం పదింటికి చూస్తే రెబెకా ఒంటి మీద ఏదో ఉందన్నారు. సాయంత్రం నాలుగింటికి మళ్లీ చూస్తే ఎండిన చర్మం తప్ప ఏమీ లేదన్నారు. వెతికినవాళ్లలో అందరికన్నా పెద్ద, పని తెలిసిన ఆవిడ మిగతావాళ్లతో ఏకీభవించలేదు, మళ్లీ పరీక్ష చేయించండి అని రెబెకా జూన్ 28న అర్జీ పెట్టుకుంది.

విచారణలో రెబెకా కుటుంబంలోని సారా నర్స్ చెప్పిన సాక్ష్యం మీకు బంగారం. పీడితురాలినన్న సారా బిబ్బర్ తన బట్టల్లోంచి గుండుసూదులు లాగి, వేళ్ల మధ్య పట్టుకుని, చేతులు మోకాలి చుట్టూ బిగించి, వెంటనే 'రెబెకా నన్ను గుచ్చింది' అని అరిచిందట. తను కళ్లారా చూశానంది.

జ్యూరీ పెద్ద థామస్ ఫిస్క్. తీర్పు నిర్దోషి. వెంటనే పీడితులు గగ్గోలు పెట్టారు. స్టౌటన్ జ్యూరీని బలవంతం చేయనంటూనే, ఖైదీ అన్న ఒక మాట మీరు గమనించారా అని అడిగాడు. డెలివరెన్స్ హాబ్స్ అనే ఆవిడ అప్పటికే నేరం ఒప్పుకుంది. సాక్ష్యం చెప్పడానికి ఆమెను తెచ్చినప్పుడు రెబెకా 'ఈవిడ మాలో మనిషే' అంది. జ్యూరీ మళ్లీ లోపలికి వెళ్లింది, తేల్చుకోలేక తిరిగొచ్చింది. ఫిస్క్ నేరుగా రెబెకానే అడిగాడు, ఆ మాటకి అర్థమేమిటని. ఆవిడ ఏమీ అనలేదు. మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకుని దోషి అన్నారు. ఎందుకు పలకలేదో తరవాత ఆవిడే చెప్పుకుంది: చెవుడు, పైగా దుఃఖంలో ఉన్నాను, ఏమడిగారో తెలియలేదు, నాతోపాటు ఆవిడా ఖైదీయే అన్నాను తప్ప ఇంకో అర్థం లేదు. గవర్నర్ మొదట ఉరి ఆపమన్నాడు, తరవాత ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నాడు. జులై 3న చర్చి వెలివేసింది. ఆ వెలి 1712లో ఎత్తేశారు.

ఉరి సీను కావాలంటే: బండిలో తెచ్చి నిచ్చెన ఎక్కిస్తారు. తలుపు తెరుచుకుని కిందికి జారే ఉరికంబం అప్పటికి లేదు, నిచ్చెన మీంచి నెట్టడమే, ప్రాణం నెమ్మదిగా పోతుంది. చోటు కొండ శిఖరం కాదు, కింద ఉన్న ప్రోక్టర్స్ లెడ్జ్ అనే రాతిగట్టు. 2016లో ఖాయం చేశారు.

ఊరిమాట:

అనువాదం గురించి ఒక ముక్క. రెబెకా అన్న 'one of us' అనే ఇంగ్లిష్ మాటని 'మనలో మనిషి' అని రాశారో సీను చచ్చిపోతుంది. ఇంగ్లిష్‌లో ఒకే మాట మేముకీ మనకీ సరిపోతుంది. తెలుగులో రెండూ వేరు. 'మనలో' అంటే జడ్జీలూ జ్యూరీ కూడా అందులో కలిసిపోతారు. 'మాలో మనిషి' అంటేనే కోర్టు బయట నిలబడి, ఆ 'మేము' ఎవరు, ఖైదీలా మంత్రగత్తెలా అని అడగాల్సి వస్తుంది. పాతకాగితం గారు సరిగ్గా రాశారు, అలాగే ఉంచండి.

'చేతబడి' కూడా చూసి వాడండి. మన దగ్గర బాణామతి, చిల్లంగి అన్నప్పుడు భయం నోటి మంత్రం మీద, పెట్టిన మందు మీద ఉంటుంది. నిందపడ్డ మనిషి పళ్లు ఊడబీకే దారుణం అందుకే, మంత్రం పలకకూడదని. సేలంలో భయం చూపు మీద. మంత్రగత్తె చూస్తే పీడితురాలు పడిపోతుంది, అదే చేత్తో తాకితే విషం వెనక్కిపోయి లేస్తుందని, నిందితుల చెయ్యి పట్టుకెళ్లి పీడితుల మీద పెట్టించేవారు. దాని వెనకాల సైతానుతో ఒప్పందం, అతని పుస్తకంలో సంతకం. అందుకని మీ రెబెకా చేతులు ఏం చేస్తున్నాయి, కళ్లు ఎటు చూస్తున్నాయి అన్నది నటికి ప్రతి వాక్యానికీ రాసివ్వాలి. గొణిగే మంత్రాలు, నిమ్మకాయలు, పసుపు ముగ్గు పెడితే మన ఊరి కథ అయిపోతుంది. నిందితుల్లో మగవాళ్లూ ఉన్నారు కాబట్టి 'మంత్రగత్తెలు' అని అందర్నీ కలిపి అనకండి.

తెరచాటు:

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు వరుస ఇలా పెట్టాను: రొట్టె, మార్చి 24 మందిరం, జైలు బిల్లు చదవడం, జూన్ కోర్టు, ఫిస్క్ ప్రశ్న. ఉరి చూపించను. చెవుడు విషయం ప్రేక్షకుడికి ముందే తెలియాలా, చివర్లోనా? గుండుసూదులు స్టేజీ మీద చూపించాలా?

పాతకాగితం:

చెవుడు రెండో సీన్లోనే, ఎవరూ పట్టించుకోనంత చిన్నగా తెలియాలి. హాథార్న్ ప్రశ్న మళ్లీ అడగాల్సి వస్తుంది, అంతే చాలు. ఆఖర్లో ఫిస్క్ గొంతు పెంచడు, జ్యూరీ పెద్ద కదా, మర్యాదగా అడుగుతాడు. అక్కడ ఆవిడ వినలేదని ప్రేక్షకుడికి తెలుస్తుంది, కోర్టుకి తెలియదు.

సూదులు చూపించకండి. మూడో వరసకి కూడా కనబడవు. సారా నర్స్ చెబుతుంటే బిబ్బర్ వేషం వేసినావిడ చేతులు మోకాలి చుట్టూ బిగించి కూర్చుంటే చాలు.